కథల్లో రాజులు – ఆ కథల్లో మనం

(ప్రపంచ ఆదివాసీ దినోత్సవం సందర్భంగా జరిగిన యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు 'విద్య ప్రాముఖ్యత' మీద మాట్లాడమన్నారు. హాస్టల్ వార్డెన్‌ని పిలిస్తే ఎవరైనా ఆ అంశమే ఇస్తారు. పొద్దున ఐదింటికి లేవండి, ఫోన్లు పక్కన పెట్టండి అని నేను రోజూ చెప్పేదే. అది వినడానికి మీరు ఇంత దూరం రానక్కరలేదు. అందుకని అంశం మార్చమని అడిగాను. ఇవాళ రాజుల గురించి మాట్లాడతాను. చరిత్ర పుస్తకంలో తేదీలతో సహా ఉండే రాజులు కాదు. కథల్లో, పురాణాల్లో, నాటకాల్లో, సినిమాల్లో ఉండే రాజులు.

ఈ అంశమే ఎందుకు అంటే, మా హాస్టల్లో జరిగిన ఒక సంగతి ముందు చెప్పాలి.

ఒక ఆదివారం సాయంత్రం హాల్లో పిల్లలందరం కూర్చుని టీవీలో 'బాహుబలి' చూస్తున్నాం. మొదటి భాగం. మీరందరూ ఎన్నిసార్లు చూశారో నన్ను అడగొద్దు, నేనూ అన్నిసార్లు చూశాను. కాలకేయుడు వచ్చే సన్నివేశం వచ్చింది. నల్లటి ఒళ్ళు, పళ్ళు, ఆ కిలికిలి భాష. పిల్లలు పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఈ మాట దాచను.

ఆ ఏడాది లోపలి ఊరు నుంచి ఆరో తరగతిలో చేరిన ఒక అమ్మాయి ఉండేది. బస్సు వెళ్ళని ఊరు. ఇంట్లో కోయ భాష తప్ప వేరే మాట లేదు. సాయంత్రం నా గదిలోంచి ఫోన్ చేసి వాళ్ళమ్మతో కోయలో మాట్లాడుకునేది. సినిమా చూసిన మర్నాటి నుంచి, ఆ పిల్ల ఫోన్ ఎత్తగానే కిటికీ బయట నలుగురు చేరి 'కిలికిలి' అని వెక్కిరించడం మొదలుపెట్టారు. బడిలో ఆమె పేరు 'కాలకేయ' అయిపోయింది. వెక్కిరించింది ఎవరో బయటి పిల్లలు కాదు, మన పిల్లలే. రోడ్డు పక్క ఊళ్ళలో పుట్టి, ఇంట్లో కోయ వదిలేసిన మన పిల్లలే.

తర్వాత ఆ అమ్మాయి ఫోన్లో తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టింది. వాళ్ళమ్మకు తెలుగు అంతంత మాత్రం. పదిహేను నిమిషాల మాటలు నిమిషంలో అయిపోయేవి. నేను గమనించాను గానీ పట్టించుకోలేదు. తెలుగు మెరుగవుతోంది అనుకున్నాను. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళిన పిల్ల తిరిగి రాలేదు.

వారం చూసి నేనే వెళ్ళాను. చివరి మూడు కిలోమీటర్లు నడక. ఇంటి ముందు వాళ్ళ నాయనమ్మ ఇప్పపువ్వు ఎండబెట్టుకునే చాప సర్దుకుంటూ కూర్చుని ఉంది. సంగతి అంతా చెప్పాను. ఆమె సినిమా చూడలేదు. కాలకేయుడు అంటే ఎవరు అని అడిగింది. ఒక సినిమాలో ఒక రాజు మీదికి యుద్ధానికి వచ్చేవాళ్ళు అని చెప్పాను. ఆమె కాసేపు ఆలోచించి అడిగింది: "వాళ్ళది ఏ ఊరు? ఏ గట్టు?"

నాకు జవాబు రాలేదు.

మన ఊళ్ళలో కొత్త మనిషి వస్తే ముందు అడిగే మాట అది. మీకు తెలుసు. మూడో గట్టా, నాలుగో గట్టా, ఐదో గట్టా, ఏ ఇంటి పేరు, ఎవరి పిల్లవాడు. అది తెలిస్తే మనిషి చుట్టమా కాదా, ఎలా పిలవాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నీ తెలిసిపోతాయి. ఆమె కొత్తగా ఏమీ అడగలేదు. ఒక కల్పిత పాత్ర గురించి కూడా మామూలుగా మనిషి గురించి అడిగినట్టే అడిగింది. మూడు గంటల సినిమాలో కాలకేయుల ఊరు, ఇల్లు, పిల్లలు ఎక్కడా కనపడరు. ఆ సంగతి నేను అన్నిసార్లు చూసి కూడా గమనించలేదు.

అప్పటి నుంచి ఏ కథలో రాజు కనపడినా ఆ ముసలమ్మ ప్రశ్నే నాకు గుర్తొస్తుంది. ఆ ప్రశ్న పట్టుకుని కొంతమంది రాజుల దగ్గరికి మిమ్మల్ని తీసుకెళ్తాను.

మొదటి రాజు మీకు మాటలు రాకముందే పరిచయమైనవాడు. అనగనగా ఒక రాజు, ఆ రాజుకు ఏడుగురు కొడుకులు. వాళ్ళు వేటకు వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు, ఒకటి ఎండలేదు. ఈ రాజుది ఏ ఊరు? చెప్పరు. పేరు? అదీ చెప్పరు. ఎందుకంటే ఈ రాజు కథకు తలుపు లాంటివాడు. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాక అతనితో పని లేదు. అక్కడి నుంచి కథంతా చేప, గడ్డిమోపు, ఆవు, పశువుల కాపరి, అవ్వ, పిల్లవాడు, చివరికి చీమ. ప్రతి ఒక్కరినీ 'ఎందుకు' అని అడుగుతారు. ప్రతి ఒక్కరూ తమ కారణం చెప్పుకుంటారు. ఈ కథలో రాజు ఒక్క మాట మాట్లాడడు, చీమకు మాత్రం మాట్లాడే వంతు వస్తుంది. నీళ్ళ పొయ్యి దగ్గర కూర్చుని పిల్లలకు ఈ కథ చెప్పిన అవ్వలు ఎవరూ న్యాయశాస్త్రం చదవలేదు. అయినా కుట్టిన చీమను కూడా 'ఎందుకు కుట్టావు' అని అడగాలని వాళ్ళకు తెలుసు.

రెండో రాజు విక్రమార్కుడు. 1947లో మొదలైన 'చందమామ' పత్రికలో బేతాళ కథలు చదువుతూ మా తరం పెరిగింది. భుజం మీద శవం, చేతిలో కత్తి, చుట్టూ శ్మశానం. శంకర్ గారు వేసిన ఆ బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. ఈ కథలకు మూలం చాలా పాతది. 11వ శతాబ్దంలో సోమదేవుడు సంస్కృతంలో రాసిన 'కథాసరిత్సాగరం'లోనూ ఇవి ఉన్నాయి. ఈ రాజుకు ఒక విచిత్రమైన కష్టం ఉంది. బేతాళుడు కథ చెప్పి చివర ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం పోతుంది, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రెండు విధాలా నష్టమే. అయినా రాజు ప్రతిసారీ జవాబు చెబుతాడు. పని మళ్ళీ మొదటికి వచ్చినా సరే, న్యాయం తెలిసి నోరు మూసుకోడు. కథలు చెప్పినవాళ్ళు రాజు అంటే ఇలా ఉండాలి అనుకున్నారు. అడిగితే జవాబు చెప్పాల్సినవాడు.

దేశం దాటి చూద్దాం. డెన్మార్క్ దేశంలో హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1837లో ఒక చక్రవర్తి కథ రాశాడు. కొత్త బట్టల పిచ్చి ఉన్న చక్రవర్తి. ఇద్దరు మోసగాళ్ళు వచ్చి, తెలివి తక్కువవాళ్ళకు కనపడని బట్ట నేస్తామన్నారు. మంత్రులకు ఏమీ కనపడలేదు, అయినా బాగుంది అన్నారు. చక్రవర్తికీ కనపడలేదు, ఆయనా బాగుంది అన్నాడు. ఒంటి మీద నూలుపోగు లేకుండా ఊరేగింపుకు వెళితే, గుంపులోంచి ఒక చిన్న పిల్లవాడు ఉన్నమాట అనేశాడు. ఆ కథ ఇన్ని దేశాలు తిరగడానికి కారణం ఆ చక్రవర్తి కాదు, ఆ పిల్లవాడు. వాడికీ కథలో పేరు లేదు. వాడి దగ్గర ఉన్నది కళ్ళూ, నోరూ.

ఇంగ్లండులో షేక్‌స్పియర్ నాటకంలో లియర్ అనే ముసలి రాజు ఉన్నాడు. నన్ను ఎవరు ఎక్కువ ప్రేమిస్తున్నారో చెప్పండి, దాన్ని బట్టి రాజ్యం పంచుతాను అని ముగ్గురు కూతుళ్ళను అడుగుతాడు. ఇద్దరు తియ్యగా మాట్లాడి పంచుకుంటారు. మూడో అమ్మాయి ఉన్నది ఉన్నట్టు చెబుతుంది, ఆమెను వెళ్ళగొడతాడు. చివరికి ఆ ఇద్దరూ తలుపులు వేసేస్తే, గాలివానలో బీటి మీద నిలబడతాడు. అప్పుడు, తడిసి వణుకుతూ, తన రాజ్యంలో ఇల్లు లేనివాళ్ళు ఇలాంటి రాత్రులు ఎలా గడుపుతారో అని మొదటిసారి ఆలోచిస్తాడు. ఇంతకాలం వాళ్ళను పట్టించుకోలేదే అని బాధపడతాడు. బి.ఎడ్. చదివేటప్పుడు పరీక్ష కోసం ఈ నాటకం సారాంశం బట్టీ పట్టాను. వానాకాలంలో మా హాస్టల్ రేకుల కింద బకెట్లు పెట్టుకుంటూ తిరిగిన రాత్రి దాని అర్థం తెలిసింది. కప్పు లేకపోవడం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఒక రాజుకు జీవితమంతా పట్టింది. మన పిల్లలకు అది ఆరేళ్ళకే తెలుసు.

ఇప్పుడు బలి చక్రవర్తి దగ్గరికి వద్దాం. ఆయన ప్రహ్లాదుడి మనవడు, అసుర వంశం. పోతన గారి భాగవతం ద్వారా తెలుగువాళ్ళందరికీ తెలిసిన కథ. వామనుడు వచ్చి మూడడుగుల నేల అడిగాడు. గురువు శుక్రాచార్యుడు వద్దన్నా బలి మాట తప్పలేదు. రెండడుగులతో లోకాలన్నీ అయిపోయాయి, మూడో అడుగుకు తల వంచాడు. మన దగ్గర ఈ కథ దానం గురించి, అహంకారం గురించి చెబుతారు. కేరళ వెళ్ళండి. అదే రాజును వాళ్ళు మావేలి అంటారు. ఆయన పాలనలో మనుషులంతా సమానంగా బతికారని, అబద్ధం, మోసం లేవని చెప్పుకుంటారు. ఏడాదికి ఒకసారి పాతాళం నుంచి తన ప్రజలను చూడటానికి వస్తాడని ఓణం పండుగ చేస్తారు. ముంగిట పూలు పరిచి ఎదురుచూస్తారు. కథ ఒకటే, రాజు ఒకడే. ఒక చోట తల వంచిన అసురుడు, ఇంకో చోట ఇంటికి వచ్చే పెద్దమనిషి. అసురుడు అన్న మాట విని ఆగిపోయినవాళ్ళకు ఆ రెండో రాజు ఎప్పటికీ కనపడడు.

ఇక సినిమాలు. మీకు కావాల్సింది ఇదే అని నాకు తెలుసు.

1951లో 'పాతాళభైరవి' వచ్చింది. ఎన్టీఆర్ తోటరాముడు, ఎస్వీ రంగారావు నేపాళ మాంత్రికుడు. తోటరాముడు తోటమాలి కొడుకు. రాకుమారిని ప్రేమిస్తే ఉజ్జయిని రాజు, నాతో సమానమైన సంపద తీసుకురా అంటాడు. ఆ తర్వాత ఎన్ని జానపద సినిమాలు వచ్చాయో లెక్క లేదు. చాలా వాటిలో ఒకే దారి కనపడుతుంది. రాజు గారి బిడ్డ పురిట్లోనే కోట దాటిపోతాడు. అడవిలో ఎవరో పేదవాళ్ళు పెంచుతారు. పెద్దయ్యాక పుట్టుమచ్చో, కంకణమో చూసి ఎవరో గుర్తుపడతారు. అతను వెళ్ళి సింహాసనం ఎక్కుతాడు. పెంచినవాళ్ళు చివరి సన్నివేశంలో ఒక మూల నిలబడి కళ్ళు తుడుచుకుంటారు.

2015 నాటి 'బాహుబలి' కూడా ఇదే దారి. జలపాతం కింద గూడెంలో సంగ అనే తల్లి శివుడిని పెంచుతుంది. కొండ మీదికి వెళ్ళాక శివుడు మహేంద్ర బాహుబలి అవుతాడు. సింహాసనం అతనిది ఎందుకు? రక్తం వల్ల. పాతికేళ్ళు అన్నం పెట్టిన గూడెం వల్ల కాదు. ఇన్ని కథల్లో అడవి రాజును పెంచుతుంది గానీ, రాజును కనదు. మనం దాది, మనం దారి చూపేవాళ్ళం, మనం కాపలా.

ఆ సినిమాను తిట్టడానికి ఈ మాట అనడం లేదు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. కాలకేయుల నాయకుణ్ణి చంపినవాడు భల్లాలదేవుడు. పందెం ప్రకారం రాజ్యం అతనికి రావాలి. కానీ శత్రువులు మహిష్మతి ప్రజలనే అడ్డుగా నిలబెట్టినప్పుడు భల్లాలుడు వాళ్ళ మీదుగా దూసుకుపోయాడు, అమరేంద్ర బాహుబలి వాళ్ళను కాపాడి ముందుకు వెళ్ళాడు. శివగామి కాపాడినవాణ్ణి రాజుగా ప్రకటిస్తుంది. శత్రువును చంపడం కంటే మనవాణ్ణి బతికించడం పెద్ద పని అని ఒక పెద్ద సినిమా చెప్పడం మంచిదే. నా బాధల్లా, 'మనవాడు' అన్న మాటకు ఆ సినిమా గీసిన గీత ఎక్కడ ఉంది అని. మా ఆరో తరగతి పిల్ల ఆ గీతకు అవతల పడింది.

కాలకేయులు అన్న పేరు కూడా సినిమాలో పుట్టింది కాదు. మహాభారతం అరణ్యపర్వంలో కాలకేయులు సముద్రంలో దాక్కునే రాక్షసులు. అగస్త్యుడు సముద్రం తాగేస్తే బయటపడి చచ్చిపోతారు. పేరు అక్కడి నుంచి వచ్చింది. భాషను మాత్రం తమిళ రచయిత మదన్ కార్కి కొత్తగా తయారు చేశారు. వందల మాటలతో, వ్యాకరణంతో శ్రద్ధగా చేసిన భాష అది. నాలుకతో టక్కుమనిపించే శబ్దాలు కూడా అందులో ఉన్నాయి. ఆ నాయకుడి పేరు ఇంకోషి. ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. దక్షిణాఫ్రికాలో జులూ ప్రజల భాషలో 'ఇంకోసి' అనే మాట ఉంది. దాని అర్థం నాయకుడు, రాజు. వాళ్ళు గౌరవంగా పలికే మాట అది. దాదాపు అదే మాట మన దగ్గర భయపెట్టే పాత్ర పేరుగా వినపడింది.

దక్షిణాఫ్రికా మాట వచ్చింది గనక అక్కడి నుంచే ఇంకో రాజు దగ్గరికి వెళ్దాం. 'బ్లాక్ పాంథర్'. వకాండా అనే లేని దేశానికి రాజు టీచల్లా. స్టాన్ లీ, జాక్ కర్బీ అనే ఇద్దరు అమెరికా వాళ్ళు 1966లో కామిక్ పుస్తకంలో ఈ పాత్రను సృష్టించారు. 2018లో ర్యాన్ కూగ్లర్ దర్శకత్వంలో సినిమా వచ్చింది. చాడ్విక్ బోస్‌మన్ రాజుగా నటించాడు. వకాండా కల్పితమే, రాజు కల్పితమే. కానీ ఆ రాజు మాట్లాడటానికి వాళ్ళు కొత్త భాష తయారు చేయలేదు. దక్షిణాఫ్రికాలో లక్షలాది మంది మాట్లాడే ఖోసా భాషను తీసుకున్నారు. రాజు తండ్రిగా వేసిన జాన్ కానీ మాతృభాష అది. నెల్సన్ మండేలా మాతృభాష కూడా అదే. ఆ భాషలోనూ నాలుక టక్కుమనిపించే హల్లులు ఉన్నాయి.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. అలాంటి శబ్దాలే ఒక సినిమాలో సింహాసనం మీద కూర్చున్నవాడి నోట వచ్చాయి, ఇంకో సినిమాలో యుద్ధభూమిలో పళ్ళు బయటపెట్టినవాడి నోట వచ్చాయి. ఒక దాన్ని విని పిల్లలు గర్వపడ్డారు. ఇంకో దాన్ని విని మా హాస్టల్ పిల్లలు నవ్వారు. శబ్దంలో తేడా లేదు. ఎవరి నోట పెట్టారు అన్నదే తేడా. ఏ భాష అయినా వినడానికి మొరటుగా ఉంది అనిపిస్తే, ముందు ఆ భాష ఎవరి నోట విన్నామో గుర్తుచేసుకోండి.

వకాండా కథలో నాకు నచ్చిన రెండో సంగతి, ఆ రాజు తన శత్రువు దగ్గర నేర్చుకుంటాడు. కిల్‌మాంగర్ అతని చిన్నాన్న కొడుకే. మీ నేల కింద ఇంత ఖనిజం, ఇంత సంపద పెట్టుకుని, బయట మనలాంటి వాళ్ళు నలిగిపోతుంటే తలుపులు ఎందుకు మూసుకున్నారు అని అడుగుతాడు. అతని పద్ధతి తప్పు, కానీ ప్రశ్న నిజం. రాజు అతన్ని ఓడిస్తాడు, ప్రశ్నను మాత్రం తీసుకుంటాడు. చివరికి తలుపులు తెరుస్తాడు. ఆ శత్రువుకు ఊరుంది, తండ్రి ఉన్నాడు, కారణం ఉంది. ముసలమ్మ ఏ ఊరు, ఏ గట్టు అని అడిగి ఉంటే ఆ సినిమాలో జవాబు దొరికేది. నేల కింద ఖనిజం, పైన దాని మీద హక్కు ఎవరిది అన్న ప్రశ్న మనకు కొత్త కాదు కదా. ఇల్లందు, మణుగూరు వైపు నుంచి వచ్చిన పిల్లలకు విడమరిచి చెప్పనక్కరలేదు.

అయితే అడవికి రాజులే లేరా? ఉన్నారు. మనం వాళ్ళను రాజులుగా గుర్తుపెట్టుకోలేదు.

గుహుడు అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? పడవ. రాముణ్ణి గంగ దాటించినవాడు అంటారు. వాల్మీకి రామాయణంలో గుహుడు శృంగిబేరపురంలో నిషాదుల రాజు. ఆయనకు మంత్రులున్నారు, సైన్యముంది. రాముణ్ణి కలిసినప్పుడు, ఈ రాజ్యం నీదే అనుకో అని చెప్పగలిగిన హోదా ఉన్నవాడు. పడవ సిద్ధం చేయమని తన మనుషులకు ఆజ్ఞ ఇస్తాడు. ఆజ్ఞ ఇచ్చిన రాజు, మన జ్ఞాపకంలో తెడ్డు పట్టుకుని మిగిలిపోయాడు.

ఏకలవ్యుడు అనగానే? బొటనవేలు. అడవి పిల్లవాడు అని పాఠం చెబుతాం. నేనూ చాలా ఏళ్ళు అలాగే చెప్పాను. మహాభారతం ఆదిపర్వంలో ఏకలవ్యుడు నిషాదరాజు హిరణ్యధనువు కొడుకు. అంటే రాకుమారుడు. హస్తినాపురం రాకుమారుల పక్కన కూర్చోవడానికి వచ్చిన ఇంకో రాకుమారుడు. 'ఒక పేద అడవి పిల్లవాడికి చదువు దొరకలేదు' అనడం వేరు, 'ఒక రాజు కొడుకును కూడా పుట్టుక చూసి వెనక్కి పంపారు' అనడం వేరు. హిరణ్యధనువు పేరు ఈ హాల్లో ఎంతమంది విన్నారు? చేతులు ఎత్తండి. సరే, నలుగురు. నేనూ ఈ పేరు నా ముప్పై ఐదో ఏట చదివాను.

ఇప్పుడు మన రాజు గురించి. ఈయనను నేను కల్పిత రాజుల వరుసలో పెట్టడం లేదు. మనకు ఆయన దేవుడు. కానీ కథ చెప్పుకునే పద్ధతి గురించి మాట్లాడుతున్నాం గనక చెప్పాలి. పగిడిద్ద రాజు. మన పెద్దలు చెప్పే కథలో ఆయన మేడారం ఏలినవాడు, సమ్మక్క తల్లి భర్త. కరువు వచ్చింది. తినడానికే గింజ లేనప్పుడు కాకతీయులకు కప్పం ఎక్కడి నుంచి కడతాం అన్నాడు. దండు వచ్చింది. ఆయన పోరాడి ఒరిగిపోయాడు. సారలమ్మ, గోవిందరాజు ఒరిగిపోయారు. జంపన్న సంపెంగ వాగులో పడ్డాడు, అదే జంపన్న వాగు అయింది. సమ్మక్క తల్లి చిలకలగుట్ట వైపు వెళ్ళి కనపడకుండా పోయింది.

ఈ కథలో రాజు గొప్ప ఎక్కడుంది? కోటలో లేదు, కిరీటంలో లేదు. లేని చోట లేదు అని చెప్పాడు. తన జనం నోటి దగ్గర కూడు లాగి పెద్ద రాజుకు పెట్టలేదు. గెలిచిన రాజుల పేరు మీద జాతరలు ఎన్ని జరుగుతాయో నాకు తెలియదు గానీ, ఓడిన ఈ కుటుంబం కోసం రెండేళ్ళకు ఒకసారి మాఘమాసంలో లక్షలాది జనం వస్తారు. పగిడిద్ద రాజు పూనుగొండ్ల నుంచి వస్తాడు, గోవిందరాజు కొండాయి నుంచి వస్తాడు, సారలమ్మ కన్నెపల్లి నుంచి, సమ్మక్క చిలకలగుట్ట నుంచి. గమనించారా? ఒక్కొక్కరికి ఒక ఊరుంది. ఏ ఊరు అని అడిగితే జవాబు లేనివాళ్ళు మన కథలో ఒక్కరూ లేరు. ఆ ఊళ్ళ నుంచి మన మనుషులే నడిచి తీసుకొస్తారు. ఇంత మందికి ఇన్ని ఊళ్ళు గుర్తున్నాయి అంటే, ఎవరో తరాల తరబడి పాడుతూ ఉన్నారు గనకే. సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన ఈ కథలు డోలు కొట్టి పాడినవారు. ఆయన దగ్గర పుస్తకం లేదు, అన్నీ గొంతులోనే. ఇప్పుడు ఆయన లేరు. అలాంటి గొంతులు మన ఊళ్ళలో ఇంకా కొన్ని ఉన్నాయి. అన్నీ వృద్ధులవే.

అందుకే మీకు పనులు చెబుతాను. వార్డెన్ని కదా, పని చెప్పకుండా వదలను.

ఒకటి. ఈసారి ఊరు వెళ్ళినప్పుడు, మీ ఇంట్లో కథ తెలిసిన పెద్దవాళ్ళను అడిగి, వాళ్ళు సరే అంటేనే, ఫోన్లో రికార్డు చేయండి. కోయలో చెబితే కోయలోనే. మధ్యలో తెలుగులోకి మార్చమని అడగొద్దు. మొదట్లో చెప్పినవారి పేరు, ఊరు, గట్టు, తేదీ మీ గొంతుతో చెప్పండి. పూజకు సంబంధించిన మాటలు బయటపెట్టొద్దు అంటే అక్కడ ఆపేయండి. తర్వాత విని, విన్నది విన్నట్టు తెలుగు లిపిలో రాయండి. అర్థం కాని మాట వస్తే దాన్ని మార్చకుండా అలాగే ఉంచి, మళ్ళీ వెళ్ళి అడగండి.

రెండు. మీలో షార్ట్ ఫిల్ములు, రీల్స్ తీసేవాళ్ళు ఉన్నారు. మన రాజు కథ మీరు తీస్తారు, తీయాలి. తీసేటప్పుడు ఎదుటివాడికి కూడా ఒక ఊరు ఇవ్వండి. కప్పం అడగడానికి వచ్చిన సైనికుడికీ ఇంటి దగ్గర తల్లి ఉంటుంది. మనల్ని కాలకేయుల్లా చూపించారని మనం ఇంకొకరిని కాలకేయుల్లా చూపిస్తే, ఇంకో హాస్టల్లో ఇంకో పిల్ల ఏడుస్తుంది. చీమను కూడా ఎందుకు అని అడిగిన కథలు మనవి.

మూడు. ఇది రోడ్డు పక్క ఊళ్ళ పిల్లలకు. మీ పక్కన కూర్చున్నవాళ్ళు వాళ్ళ భాషలో మాట్లాడుతుంటే నవ్వకండి. మీ తాతమ్మ ఆ భాషలోనే మీ అమ్మమ్మకు జోల పాడింది.

ఆ అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. ఆమె తిరిగి వచ్చింది. నా మాట విని కాదు, వాళ్ళ నాయనమ్మ మాట విని. నేను చేసిన పని, ఒక ఆదివారం టీవీ కట్టేసి, నలుగురైదుగురు పిల్లల చేత వాళ్ళ వాళ్ళ భాషలో కథ చెప్పించడం. కోయ, లంబాడీ, అన్నీ. అర్థం కానివాళ్ళకు పక్కవాళ్ళు చెప్పారు. మా హాస్టల్లో అది ఇప్పుడు నెలకు ఒకసారి జరుగుతోంది. వెక్కిరించిన పిల్లల్లో ఇద్దరు, తమ అమ్మమ్మల దగ్గర కథ అడిగి వచ్చి చెప్పారు, తప్పులతో, నవ్వుతూ.

అంతా బాగైపోయింది అని చెప్పలేను. ఆ అమ్మాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. కథ చెప్పమంటే అందరి ముందూ కోయలో గట్టిగా చెబుతుంది. కానీ ఫోన్లో వాళ్ళమ్మతో మాట్లాడేటప్పుడు మాత్రం ఇప్పటికీ ఒకసారి కిటికీ వైపు చూసి, గొంతు తగ్గిస్తుంది. నేను లేచి వెళ్ళి కిటికీ రెక్కలు తీసి, నా పని నేను చూసుకుంటాను. ఆమె గొంతు ఎప్పుడు పెరుగుతుందో అని వింటూ ఉంటాను.